నింగిలోని అలలు

మాఘమాసపు అమావాస్య రాత్రి చోడవరం పొలిమేర దాటి చెరకు తోటల నడుమ నిలిచినవారికి ఆకాశమంతా చుక్కలతో నిండి కనిపిస్తుంది. వాయవ్య దిశలో తూర్పు కనుమల కొండలు నల్లని గోడలా నిలిచి ఉంటాయి. చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్న ఆకాశం మాత్రం కటిక చీకటిగా తోస్తుంది. అయితే ఆ చీకటి సంపూర్ణమైనది కాదు. నక్షత్రాలన్నింటినీ తొలగించినా ఆకాశంలో ఒక సన్నని వెలుగు మిగిలే ఉంటుంది. ఆ వెలుగు మానవ నేత్రానికి దాదాపుగా అందదు. దానిని పట్టగల కెమెరాతో చూసినప్పుడు ఆకాశం నిశ్చలంగా ఉండదు. చెరువు నీటిపై గాలి వీచినప్పుడు లేచే అలల వలె, వెలుగు చారలు ఒకదాని వెంట ఒకటిగా సాగిపోతూ కనిపిస్తాయి. నేలకు దాదాపు తొంభై కిలోమీటర్ల ఎత్తున సాగే ఆ అలల పుట్టుక చాలావరకు నేలకు సమీపంలోనే జరుగుతుంది. కొండలను ఒరసుకొని వీచే గాలి, వేసవి సాయంత్రాల ఉరుముల మేఘాలు, బంగాళాఖాతంలో చెలరేగే తుపానులు వాటికి జన్మస్థానాలు. ఈ అలలను కొలవడం ద్వారా కింది వాతావరణం అంతరిక్షపు అంచును ఎలా కదిలిస్తున్నదో శాస్త్రజ్ఞులు తెలుసుకొంటున్నారు.

ఆకాశపు ఈ సహజ కాంతిని వాయుదీప్తి అంటారు. ఆంగ్లంలో దీనిని ఎయిర్‌గ్లో అని పిలుస్తారు. 1868లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ రాత్రి ఆకాశపు కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించి, అందులో ఒక ఆకుపచ్చని రేఖను గుర్తించాడు. ధ్రువ ప్రాంతాల్లో కనిపించే ధ్రువకాంతిలోనూ ఇదే రేఖ ఉంటుంది. కాని ధ్రువకాంతి లేని రాత్రులలో కూడ అది కనిపించడం శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. ఈ రెండు కాంతుల పుట్టుక వేరు. సూర్యుని నుండి వచ్చే విద్యుదావేశ కణాలు వాతావరణాన్ని తాకినప్పుడు ధ్రువకాంతి ఏర్పడుతుంది. వాయుదీప్తి వాతావరణంలో జరిగే రసాయన చర్యల ఫలితం. ధ్రువకాంతి ప్రధానంగా ధ్రువ ప్రాంతాలకు పరిమితం కాగా, వాయుదీప్తి ప్రతి రాత్రి ప్రపంచమంతటా ఉంటుంది.

పగటివేళ సూర్యుని అతినీలలోహిత కిరణాలు పై వాతావరణంలోని ఆక్సిజన్ అణువులను పరమాణువులుగా విడగొడతాయి. అంటే సౌరశక్తి రసాయన రూపంలో అక్కడ నిలువ ఉంటుంది. రాత్రివేళ ఆ పరమాణువులు తిరిగి కలుసుకొంటాయి. అప్పుడు విడుదలయ్యే శక్తిని గ్రహించిన మరొక ఆక్సిజన్ పరమాణువు ఆకుపచ్చని కాంతిని వెలువరిస్తుంది. ఈ ప్రక్రియకు 1931లో సిడ్నీ చాప్‌మన్ శాస్త్రీయ వివరణనిచ్చాడు. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. అది సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పలుచని పొరలో పుడుతుంది. దానికి కొంత దిగువన, సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున, హైడ్రోజన్ పరమాణువు ఓజోనుతో చర్య జరిపినప్పుడు హైడ్రాక్సిల్ అనే అణువు ఏర్పడి పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఇంకా ఎగువన, సుమారు 250 కిలోమీటర్ల ఎత్తున, ఆక్సిజన్ పరమాణువుల నుండి 630 నానోమీటర్ల ఎర్రని కాంతి వెలువడుతుంది. ఈ విధంగా ఒక్కొక్క రంగు ఒక్కొక్క ఎత్తుకు గుర్తుగా నిలుస్తుంది. ఏ రంగును చూస్తున్నామో తెలిస్తే ఏ ఎత్తును చూస్తున్నామో తెలిసినట్లే. వాయుదీప్తిని పరిశోధనకు సాధనంగా మార్చిన గుణం ఇదే.

ఇక అలల సంగతి. వీటిని గురుత్వ తరంగాలు అంటారు. ఈ పేరు విన్నవెంటనే 2015లో అమెరికాలోని లైగో పరికరాలు తొలిసారిగా పసిగట్టిన గురుత్వాకర్షణ తరంగాలు గుర్తుకు రావచ్చు. ఆ రెండింటికీ పేరులోనే పోలిక. కృష్ణబిలాల వంటి మహాద్రవ్యరాశుల కదలిక వల్ల స్థలకాలాలలో పుట్టే కంపనాలు గురుత్వాకర్షణ తరంగాలు. వాతావరణంలోని గురుత్వ తరంగాలు గాలిలో లేచే అలలు మాత్రమే. పైకి లేచిన గాలిని భూమి ఆకర్షణ మళ్ళీ కిందికి లాగుతుంది కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది.

నీటిలో తేలే బెండు ముక్కను కొంచెం కిందికి నొక్కి వదిలితే అది పైకి లేచి, మళ్ళీ మునిగి, కొంతసేపు ఊగిసలాడుతుంది. గాలి విషయంలోనూ ఇదే జరుగుతుంది. వీచే గాలి కొండను ఢీకొని పైకి లేచిందనుకొందాం. పైకి పోయినకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి ఆ గాలి వ్యాకోచించి, కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చుట్టూ ఉన్న వాతావరణం సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలే చల్లబడుతుంది. అందుచేత పైకి వెళ్ళిన గాలి పరిసరాలకంటే చల్లగా, బరువుగా మారి కిందికి దిగుతుంది. దిగే వేగంలో తన మొదటి స్థానాన్ని దాటిపోతుంది. అక్కడ పరిసరాలకంటే వెచ్చగా, తేలికగా మారి మళ్ళీ పైకి లేస్తుంది. ఈ ఊగిసలాట చుట్టుపక్కలకు, పై పొరలకు అలగా వ్యాపిస్తుంది. ఎగువ వాతావరణంలో ఇట్టి ఊగిసలాట ఒకసారి పూర్తికావడానికి కనీసం ఐదు నిమిషాలు పడుతుంది. కొన్ని తరంగాలకు గంటలు పడుతుంది.

కొండ వద్ద పుట్టిన చిన్న కదలిక తొంభై కిలోమీటర్ల ఎత్తున కెమెరాకు కనిపించేంత పెద్దది ఎలా అవుతుందనే సందేహం సహజం. దీనికి జవాబు గాలి సాంద్రతలో ఉంది. నేల దగ్గరి గాలితో పోలిస్తే ఆ ఎత్తున గాలి మూడు లక్షల రెట్లకు పైగా పలుచన. పైకి సాగే తరంగం తన శక్తిని పోగొట్టుకోకుండా ఉంటే, అదే శక్తి అంతకంతకూ తక్కువ గాలిని కదిలించవలసి వస్తుంది. కాబట్టి ఆ కదలిక పెరుగుతూ పోతుంది. లెక్క ప్రకారం తొంభై కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి అది సుమారు ఆరువందల రెట్లు అవుతుంది. కింద సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో మొదలైన ఊగిసలాట అక్కడ సెకనుకు ఆరు మీటర్ల వేగాన్ని అందుకొంటుంది. చివరకు, తీరం చేరిన కడలి కెరటం విరిగినట్లు, ఆ తరంగం కూడ విరిగిపోతుంది. తాను మోసుకొచ్చిన శక్తిని, వేగాన్ని అక్కడి గాలికి అప్పగిస్తుంది.

పై వాతావరణంలో కనిపించే క్రమంలేని కదలికలకు ఈ తరంగాలే కారణమని 1960లో కోలిన్ హైన్స్ అనే శాస్త్రజ్ఞుడు సిద్ధాంతీకరించాడు. విరిగిన తరంగాలు అప్పగించే వేగం ఎంత ప్రభావం చూపుతుందో ధ్రువ ప్రాంతాలను చూస్తే తెలుస్తుంది. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. అయినా దాదాపు 85 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 130 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోతుంది. భూవాతావరణంలో అత్యంత శీతలమైన ప్రదేశం అదే. గురుత్వ తరంగాలు అక్కడి గాలులను అడ్డగించి, గాలిని పైకి నెట్టి చల్లబరచడమే దీనికి కారణం. భూమధ్యరేఖకు ఎగువన స్ట్రాటోస్ఫియర్‌లో గాలులు సుమారు 28 నెలల ఆవృత్తితో తూర్పు పడమరల మధ్య దిశ మార్చుకోవడంలోనూ ఈ తరంగాలకు భాగముంది. అయితే వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలకు ఇవి ఒక చిక్కు. ఆ నమూనాలు భూగోళాన్ని గళ్ళుగా విభజించి లెక్కిస్తాయి. చాలా గురుత్వ తరంగాలు ఆ గళ్ళకంటే చిన్నవి. వాటి ప్రభావాన్ని అంచనాతోనే లెక్కలో చేర్చవలసి ఉంటుంది. ఆ అంచనా సరిగా ఉండాలంటే తరంగాలను ప్రత్యక్షంగా కొలిచిన విలువలు కావాలి.

ఆ కొలతకు వాయుదీప్తి ఉపకరిస్తుంది. తరంగం కాంతి పొర గుండా సాగేటప్పుడు గాలి ఒకచోట పైకి, మరొకచోట కిందికి కదులుతుంది. పొరకు ఎగువన ఆక్సిజన్ పరమాణువులు అధికం. గాలి కిందికి దిగినచోట వాటి సంఖ్య పెరిగి రసాయన చర్యలు ఎక్కువవుతాయి. అక్కడ వెలుగు పెరుగుతుంది. గాలి పైకి లేచినచోట వెలుగు తగ్గుతుంది. కంటికి కనిపించని గాలి అల ఈ విధంగా వెలుగునీడల చారలుగా ప్రత్యక్షమవుతుంది. 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు హైడ్రాక్సిల్ కాంతిలో ఇట్టి చారలను పరారుణ ఛాయాచిత్రాలలో చూపించారు. అప్పటినుండి ఈ పద్ధతి క్రమంగా వృద్ధి చెందింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎగువ వాతావరణ పరిశోధనకు చాలాకాలపు చరిత్ర ఉంది. చోడవరానికి సమీప నగరమైన విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో, ఆచార్య బి. రామచంద్రరావు నాయకత్వాన అయనోవరణ పరిశోధన సాగింది. రాష్ట్రపు దక్షిణ కొసన, తిరుపతి సమీపంలోని గాదంకి గ్రామం వద్ద, ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. భారత అంతరిక్ష విభాగానికి చెందిన ఈ సంస్థలో 1024 యాంటెన్నాలు గల ఎంఎస్‌టీ రాడార్ 1990ల తొలి సంవత్సరాల నుండి పనిచేస్తున్నది. 1998లో లేజర్ కాంతితో ఉష్ణోగ్రతలను కొలిచే లైడార్ దానికి తోడైంది. తరువాత ఈ ప్రయోగశాల వాయుదీప్తిని చిత్రించే కెమెరాను నెలకొల్పింది. గాదంకి ఆకాశాన్ని చిత్రించి సాధించిన తొలి ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి.

ఇట్టి కెమెరా నిర్మాణం సూత్రరీత్యా సరళమే. విశాలమైన ఆకాశాన్ని ఒకేసారి చూడగల కటకం పైన ఉంటుంది. దాని వెనుక, కోరిన రంగును మాత్రమే వెళ్ళనిచ్చే వడపోత ఫలకాలు ఒక చక్రంలో అమర్చి ఉంటాయి. చక్రం తిరిగినకొద్దీ ఒక్కొక్క రంగు, అంటే ఒక్కొక్క ఎత్తు, వంతులవారీగా చిత్రంలోకి వస్తుంది. చివర కాంతిని గ్రహించే సీసీడీ ఫలకం ఉంటుంది. దానిలోని వేడి వల్ల పుట్టే సంకేతాలు అసలు కాంతిని కప్పివేయకుండా దానిని శూన్య డిగ్రీలకు చాలా దిగువకు చల్లబరుస్తారు. కాంతి అతి స్వల్పం కాబట్టి ఒక్కొక్క చిత్రానికి పదుల సెకన్ల నుండి ఒకటి రెండు నిమిషాల వరకు కెమెరాను తెరచి ఉంచుతారు. గాదంకి కెమెరా నడినెత్తిని కేంద్రంగా చేసుకొని 90 డిగ్రీల మేర ఆకాశాన్ని చూస్తుంది. తొంభై కిలోమీటర్ల ఎత్తున అది దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశానికి సమానం.

చిత్రం తీయడంతో పని ముగియదు. ముందుగా నక్షత్రాలను చిత్రం నుండి తొలగిస్తారు. ఆ నక్షత్రాల స్థానాలు ముందే తెలుసు కాబట్టి వాటి సాయంతో దిక్కులను నిర్ణయిస్తారు. కటకం వల్ల వంగిన చిత్రాన్ని కిలోమీటర్ల కొలతలు గల సమతల పటంగా మారుస్తారు. అప్పుడు రెండు వరుస వెలుగు చారల నడుమ దూరమే తరంగదైర్ఘ్యం. ఒక ఉదాహరణ చూద్దాం. పటంలో చారల నడుమ దూరం 30 కిలోమీటర్లు ఉంది. ఐదు నిమిషాల తరువాతి చిత్రంలో అదే చార 15 కిలోమీటర్లు ముందుకు జరిగింది. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. 15,000 మీటర్లను 300తో భాగిస్తే వేగం సెకనుకు 50 మీటర్లు. 30,000 మీటర్లను 50తో భాగిస్తే 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. అదే ఆ తరంగపు ఆవర్తన కాలం. చారలు ఏ దిక్కుకు కదులుతున్నాయో గమనిస్తే తరంగం ఏ దిక్కు నుండి వచ్చిందో ఊహించవచ్చు.

అయితే ఈ వేగం నేలపై నిలిచిన కెమెరా చూసిన వేగం. తరంగం సాగే గాలి కూడ కదులుతూనే ఉంటుంది. శారదా నదిలో వరద ప్రవాహంతో పాటు ఈదే మనిషి గట్టుమీది వారికి అతివేగంగా పోతున్నట్లు కనిపిస్తాడు. ఎదురీదే మనిషి నిలిచిపోయినట్లు కనిపిస్తాడు. ఈతగాని అసలు సత్తా తెలియాలంటే నది వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అట్లే తరంగం అసలు వేగం తెలియాలంటే ఆ ఎత్తున వీచే గాలి వేగం తెలిసి ఉండాలి. దానిని రాడార్ల వంటి పరికరాలు అందిస్తాయి. కెమెరా, రాడార్, లైడార్ ఒకేచోట ఉండడం వల్ల కలిగే ప్రయోజనం ఇదే. ఒకటి చెప్పలేనిదానిని మరొకటి చెబుతుంది.

వాయుదీప్తి మరి రెండు విషయాలను తెలియజేస్తుంది. మొదటిది ఉష్ణోగ్రత. హైడ్రాక్సిల్ కాంతిలో దగ్గరదగ్గరగా అనేక రేఖలుంటాయి. వాటి ప్రకాశాల నిష్పత్తి ఆ పొర ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఆ నిష్పత్తిని కొలిచి, నేలపై కూర్చునే, 87 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎంత చల్లగా ఉన్నదో చెప్పవచ్చు. అది సాధారణంగా మైనస్ 73 డిగ్రీలకు అటూ ఇటుగా ఉంటుంది. రెండవది తరంగం సాగే నిలువు దిశ. గురుత్వ తరంగాలలో ఒక విచిత్రముంది. శక్తి పైకి సాగుతున్నప్పుడు తరంగ శిఖరాలు కిందికి దిగుతున్నట్లు కనిపిస్తాయి. కాబట్టి వెలుగు శిఖరం ముందుగా 97 కిలోమీటర్ల ఆకుపచ్చ పొరలోను, తరువాత 87 కిలోమీటర్ల పరారుణ పొరలోను కనిపిస్తే, ఆ తరంగం కింది నుండి శక్తిని మోసుకొని పైకి వెళుతున్నదని నిర్ధారిస్తారు.

కింద పుట్టిన సంక్షోభం పైన ముద్ర వేస్తుందనడానికి 2014 అక్టోబరు ఒక నిదర్శనం. ఆ నెల 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటి, చోడవరంతో సహా నాటి విశాఖపట్నం జిల్లాను అతలాకుతలం చేసింది. అదే నెల చివరి వారంలో అరేబియా సముద్రంలో నీలోఫర్ అనే మరొక తుపాను చెలరేగింది. రాజస్థాన్‌లోని ఆబూ పర్వతంపై గురుశిఖరం వద్ద వాయుదీప్తిని పరిశీలిస్తున్న అహమ్మదాబాదు భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, ఆ తుపాను పుట్టించిన తరంగాల జాడను అంత ఎత్తున గుర్తించి 2016లో ప్రకటించారు. సముద్రంపై తిరుగాడే సుడిగాలి, తనకు చాలా దూరంలో, తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని సైతం కదిలించింది. హుద్‌హుద్ దెబ్బను చవిచూసిన ప్రాంతంవారికి తుపాను బలం కొత్తగా చెప్పవలసినది కాదు. ఆ బలం నేలమీదనే ఆగదన్నది ఈ పరిశీలన తెలిపిన కొత్త సంగతి.

ఈ పరిశీలనలు రాత్రికే పరిమితం కావు. పగటి ఆకాశంలో సూర్యకాంతి మధ్య కూడ వాయుదీప్తిని వేరుచేయగల వర్ణపట పరికరాలను అదే సంస్థ రూపొందించి, 2010ల తొలి సంవత్సరాలలో హైదరాబాదు నుండి పరిశీలనలు జరిపింది. హైదరాబాదు, చోడవరం దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నాయి. ఎగువన ఉన్న అయనోవరణంలో గురుత్వ తరంగాల ప్రభావానికి మరొక ప్రాముఖ్యం ఉంది. భూమధ్యరేఖకు సమీప దేశాలలో సూర్యాస్తమయం తరువాత అయనోవరణంలో విద్యుత్ కణాలు పలుచబడిన బుడగలు ఏర్పడతాయి. వాటికి బీజం వేయడంలో గురుత్వ తరంగాల పాత్ర ఉన్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 630 నానోమీటర్ల ఎర్రని కాంతి చిత్రాలలో ఆ బుడగలు నల్లని పట్టీలుగా కనిపిస్తాయి. ఉపగ్రహాల నుండి వచ్చే జీపీఎస్ సంకేతాలు ఆ బుడగల గుండా ప్రయాణించేటప్పుడు చెదరుతాయి. విమానాలకు దారి చూపే గగన్ వంటి వ్యవస్థలు ఈ చెదరుపాటును లెక్కలోకి తీసుకోకతప్పదు.

2022 జనవరి 15న పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల వద్ద అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పుట్టిన తరంగాలు భూగోళమంతటా వ్యాపించాయి. ఉపగ్రహాలు వాటిని నమోదు చేశాయి. 2023 నవంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, గురుత్వ తరంగాలను హైడ్రాక్సిల్ కాంతిలో పరిశీలించే ఏడబ్ల్యూఈ అనే పరికరాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపింది. అది పైనుండి విశాల ప్రాంతాలను చూస్తుంది. అయితే ఒకేచోట గంటలకొద్దీ చూపు నిలపడం దానికి సాధ్యం కాదు. ఒక తరంగం పుట్టి, సాగి, విరిగిపోయే వరకు రాత్రంతా గమనించడం నేలమీది కెమెరాకే సాధ్యం. అందుచేత రెండింటికీ వేరువేరు ప్రయోజనాలున్నాయి.

నేలమీది కెమెరాకు పరిమితులూ ఉన్నాయి. మబ్బు పట్టిన రాత్రి అది ఏమీ చూడలేదు. అందువల్ల తరంగాలను విరివిగా పుట్టించే ఋతుపవన మేఘాలే వాటి పరిశీలనకు అడ్డు తగులుతాయి. వెన్నెల రాత్రులు కూడ పనికిరావు. వీటికి ప్రకృతే కారణం. మూడవ అడ్డంకి మాత్రం మానవ కల్పితం. పట్టణాల విద్యుద్దీపాల వెలుతురు ఆకాశానికి ఎగసి, ఎంతో సన్నని వాయుదీప్తిని మింగివేస్తుంది. ఈ విద్యకు దట్టమైన చీకటి ఒక ముడిపదార్థం వంటిది. దానిని పోగొట్టుకొన్న చోట ఎంత ఖరీదైన కెమెరా అయినా నిరుపయోగమే.

చోడవరం చెరకు తోటలపై అమావాస్య నాడు పరచుకొనే చీకటి, ఈ దృష్టితో చూస్తే, వెలితి కాదు, సంపద. దానికి ఎగువన కనుమల గాలి, కడలి తుపాను తమ కథను ప్రతి రాత్రి వెలుగు చారలతో రాస్తూనే ఉన్నాయి. ఆ రాతను చదివే కొలది, రేపటి వాతావరణాన్ని ముందుగా చెప్పే లెక్కలు మరికొంత నమ్మదగినవి అవుతాయి. తుపాను హెచ్చరికను నమ్ముకొని పంటను, ప్రాణాలను కాపాడుకొనే తీరప్రాంత ప్రజలకు ఆ నమ్మకం ఎంతో విలువైనది.